జురాసిక్ తాబేలు డిప్ప ముక్కలే ఉన్నాయి, జాతి తేల్చగలమా?

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు కుదించి రాస్తాను. జురాసిక్ కాలంలో ఒక నది మేట వేసిన బురద గట్టిపడి రాయైన పొరలో మీకు 23 తాబేలు డిప్ప ముక్కలు దొరికాయి. అన్నిటికంటే పెద్దది 6 సెంటీమీటర్లు. పుర్రె లేదు, కాళ్ల ఎముకలు లేవు. పై ముఖం మీద సన్నటి గుంటలున్నాయి. 4 ముక్కల మీద గీతలున్నాయి. మీరు 9 అని నంబరు వేసిన ముక్కకు లోపలి వైపు గరుకైన కోలమచ్చ ఒకటుంది. అచ్చయిన బొమ్మల్లో దేనితోనూ ఇవి కలవలేదు కాబట్టి కొత్త జాతి అయి ఉంటుందని మీ అనుమానం. మీ గైడ్ గారేమో "టెస్టుడైన్స్, అంతకు మించి తేలదు" అని, అంటే తాబేలు అని మాత్రమే, రాసి పక్కన పెట్టమన్నారు. ఇద్దరిలో ఎవరిది సరైన మాట అని అడిగారు.

రెండూ తొందరపాటే అని నా అభిప్రాయం. మీరు నేరుగా పేరు దగ్గరికి వెళ్లిపోయారు, వారు మొదటి మెట్టు మీదే ఆగిపోయారు. మీరు వర్ణించినవి నిజంగా అలాగే ఉంటే కుటుంబం దాకా వెళ్లే అవకాశం ఉంది. జాతి దాకా వెళ్తాయని మాత్రం నేననుకోవడం లేదు. ఇరవై ఏళ్లకు పైగా తాబేలు శిలాజాలతోనే పని చేస్తున్నాను. ముక్క డిప్పలో ఎక్కడిదో తేలకుండా అది ఏ తాబేలుదో తేలిన సందర్భం నాకు ఒక్కటీ గుర్తు లేదు. అందుకని పేరు సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఒక్కో ముక్కనూ చేతిలోకి తీసుకుని, "ఇది డిప్పలో ఎక్కడిది?" అని మాత్రమే అడగండి.

అది అడగాలంటే డిప్ప నిర్మాణం కళ్ల ముందు ఉండాలి. పై డిప్ప, అంటే కారపేస్, సుమారు 50 ఎముక పలకల అతుకుల బొంత. నడుమ వెన్నుపూసల మీద వరుసగా న్యూరల్స్, సాధారణంగా 8. వాటికి రెండు పక్కలా పక్కటెముకల మీద పరుచుకున్న కాస్టల్స్ 8 జతలు. అంచు చుట్టూ పెరిఫెరల్స్ 11 జతలు. మెడ దగ్గర న్యూకల్, తోక వైపు సుప్రాపైగల్స్, పైగల్. అడుగు డిప్ప ప్లాస్ట్రాన్. దానిలో ముందు నుంచి వెనక్కి ఎపిప్లాస్ట్రా, వాటి నడుమ ఒంటరిగా ఎంటోప్లాస్ట్రాన్, తర్వాత హయోప్లాస్ట్రా, హైపోప్లాస్ట్రా, చివర జిఫిప్లాస్ట్రా. కొన్ని తాబేళ్లలో హయోకూ హైపోకూ మధ్య మీసోప్లాస్ట్రా అని ఇంకో జత ఉంటుంది. ఈ జత సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఈ ఎముకల మీద ఇంకో పొర ఉంటుంది. గోరులాంటి పదార్థంతో తయారైన స్క్యూట్లు. నడుమ వెర్టిబ్రల్స్ 5, పక్కన ప్లూరల్స్ 4 జతలు, అంచున మార్జినల్స్ చాలా తాబేళ్లలో 12 జతలు. రాయిలో స్క్యూట్లు దాదాపు ఎప్పుడూ మిగలవు. కానీ రెండు స్క్యూట్లు కలిసిన చోట కింది ఎముక మీద ఒక గాడి పడుతుంది, అది మిగులుతుంది. స్క్యూట్ల అంచులూ ఎముకల అంచులూ ఒకదాని మీద ఒకటి పడవు. ఇటుకల గోడలో పై వరుస అతుకు కింది వరుస అతుకు మీద రాకుండా మేస్త్రీ ఎలా చూసుకుంటాడో అలా. మీకు సాయపడేది ఈ తేడాయే.

ఇక మీ 4 ముక్కల మీది గీతలు. "గీతలు" అని ఒక్క మాటలో రాశారు. అది మూడు రకాల్లో ఏదైనా కావచ్చు. ఒకటి అతుకు, అంటే రెండు ఎముకలు కలిసిన చోటు. ఇది ఎముక మందం పొడుగునా కిందికి దిగుతుంది. విడిపోతే అంచు రంపపు పళ్లలా, లేదా సన్నటి గట్లతో గరుగ్గా కనిపిస్తుంది. రెండోది గాడి, స్క్యూట్ల సరిహద్దు. ఇది పై ముఖం మీదే ఉంటుంది, కిందికి దిగదు. అడుగు నున్నగా, అంచులు మెత్తగా ఒరిగి ఉంటాయి. మూడోది పగులు. ఇది ఎటైనా పోతుంది, అంచులు పదునుగా ఉంటాయి, విరిగిన చోట లోపలి స్పంజిలాంటి ఎముక బయటపడుతుంది. ముక్కను తిప్పి అంచు వైపు నుంచి చూస్తే ఈ తేడా సగం తెలిసిపోతుంది. మిగతా సగానికి లైట్ కావాలి. చీకటి గదిలో టార్చిని ముక్కకు దాదాపు సమాంతరంగా, చాలా కిందుగా పట్టుకుని నెమ్మదిగా చుట్టూ తిప్పండి. పగటి వెలుగులో కనిపించని గాడి నీడతో తేలుతుంది. రంగు మరకలు దారి తప్పిస్తుంటే అమోనియం క్లోరైడ్ పొగతో ముక్క మీద పల్చటి తెల్ల పూత వేసి ఫోటో తీయండి. తర్వాత అది సులువుగా కడుక్కుపోతుంది.

ఈ మూడింటి మీద ఇంత సేపు ఎందుకు ఆగానంటే, నేను మొదట్లో చేసిన పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. ఒక గాడిని అతుకు అనుకుని, ఉన్నది ఒక ఎముకైతే రెండుగా లెక్కపెట్టాను. దాని మీద ఒక వర్గీకరణ అంతా కట్టి, పేపర్ కూడా పంపించాను. రివ్యూ చేసినవారు ఒక్క ప్రశ్న అడిగారు: "ఈ గీత లోపలి ముఖం మీద ఎక్కడ కనిపిస్తోంది?" ఎక్కడా లేదు. ఆరు నెలల పని పోయింది. మీ ముక్కలకు లోపలి ముఖం ఫోటోలు పెట్టకపోవడం చూసి నాకు అదే గుర్తొచ్చింది. పై ముఖం ఫోటోలు ఎంత బాగున్నా, లోపలి ముఖం, నాలుగు అంచులు లేకపోతే మీకు సగం సమాచారమే ఉన్నట్టు.

గాడి ఏదో, అతుకు ఏదో తేలాక చోటు చెప్పడం మీరనుకున్నంత కష్టం కాదు. చాలా తాబేళ్లలో వెర్టిబ్రల్స్ మధ్య గాళ్లు 1, 3, 5, 8వ న్యూరల్స్ మీదుగా పోతాయి. ప్లూరల్స్ మధ్య గాళ్లు 2, 4, 6వ కాస్టల్స్ మీదుగా దిగుతాయి. కాబట్టి పొడుగునా గాడి ఉన్న కాస్టల్ ముక్క దొరికితే అది సరి సంఖ్య కాస్టల్‌ది కావడానికే ఎక్కువ అవకాశం. కాస్టల్‌ను గుర్తుపట్టడం తేలిక. లోపలి వైపు పక్కటెముక ఉబ్బు ఒక గట్టులా సాగుతుంది. వెన్ను వైపు కొసలో పక్కటెముక తల పలక నుంచి విడిపోతుంది, అంచు వైపు కొసలో అదే పక్కటెముక మొనలా బయటికి పొడుచుకొస్తుంది. పెరిఫెరల్‌కు అడ్డుకోత ఆకారం ఒక్కటి చాలు. వంతెన దగ్గరివి, అంటే పై డిప్పా కింది డిప్పా కలిసే చోటివి, ఇంగ్లీషు V అక్షరంలా మడిచి ఉంటాయి. మిగతావి అంచుకు పోయేకొద్దీ పల్చబడే చీలల్లా ఉంటాయి. న్యూరల్ లోపలి వైపు వెన్నుపూస అంటుకున్న మచ్చ ఉంటుంది.

ఇవేవీ పనిచేయని ముక్కలు కొన్ని మిగులుతాయి. నాలుగు పక్కలా పగులు అంచులే ఉండి, గాడి లేకుండా, లోపల పక్కటెముక కూడా లేకుండా. మీ 23లో సగం పైగా ఇలాంటివే అయినా ఆశ్చర్యపోను. వాటితో కుస్తీ పట్టకండి. అన్నట్టు, వాటిలో ఒకటో రెండో అసలు తాబేలువి కాకపోవచ్చు. నది మేటల్లో మొసలి బంధువుల ఒంటి మీది పలకలు తాబేలు ముక్కలతో కలిసి దొరకడం మామూలే. వాటి గుంటలు సాధారణంగా పెద్దవి, లోతైనవి. చాలావాటికి నడుమ ఒక గట్టు ఉంటుంది. లోపలి ముఖంలో పక్కటెముక ఉండదు. విరిగిన అంచును భూతద్దంతో చూడండి. తాబేలు డిప్ప ఎముక సాధారణంగా రెండు గట్టి పొరల మధ్య స్పంజి పెట్టిన శాండ్‌విచ్‌లా కనిపిస్తుంది.

మీరు ఎక్కువ నమ్మకం పెట్టుకున్నది సన్నటి గుంటల మీద. ఇక్కడ కాస్త ఆగాలి. అవి ఎముక పెరిగినప్పుడే వచ్చిన అలంకరణా, తర్వాత వచ్చిన దెబ్బా అని ముందు తేల్చండి. మొక్కల వేళ్లు, నేలలోని ఆమ్లాలు, ఇంకో జంతువు కడుపులో అరగడం, తాబేలు బతికి ఉండగా డిప్పకు వచ్చిన రోగం, ఇవన్నీ గుంటలు చేస్తాయి. సహజమైన గుంటకు అడుగున కూడా గట్టి పొర చెక్కుచెదరకుండా ఉంటుంది, వరుసలో ఒక తీరు ఉంటుంది. తర్వాత వచ్చిన గుంట గట్టి పొరను తినేసి స్పంజి దాకా దిగుతుంది, అమరికలో తీరు ఉండదు.

అది సహజమైనదే అని తేలితే మంచి సమాచారమే. సన్నటి గుంటలు, చిన్న గట్లు ఉన్న పై ముఖం ప్లూరోస్టెర్నిడ్ అనే తాబేళ్ల కుటుంబంలో బాగా తెలిసిన లక్షణం. ఉత్తర అమెరికాలో జురాసిక్ చివరి కాలపు మోరిసన్ పొరల్లోని గ్లిప్టాప్స్ అనే తాబేలు దీనికి పాత ఉదాహరణ. అదే కాలపు యూరప్ తీరాల ప్లీసియోకెలిస్, ఆసియాలోని షింజియాంగ్‌కెలిస్ డిప్పలు దాదాపు నున్నగా ఉంటాయి. ప్లాటికెలిస్‌కైతే ఒక్కో స్క్యూట్ దగ్గర ఒక్కో బొడిపె లేచి, పై డిప్ప మీద మూడు వరుసల గుట్టల్లా కనిపిస్తుంది. ట్రోపిడెమిస్ న్యూరల్స్ ఇంటి కప్పులా నడుమ గట్టు కట్టి ఉంటాయి. ఆ ప్రజాతి విషయంలో ఒక్క మంచి న్యూరల్ దొరికినా ధైర్యంగా మాట్లాడవచ్చు. అందుకే అంతకు మించి తేలదు అని ముక్కల సంఖ్యను బట్టి ముందే చెప్పేయడం నాకు నచ్చదు. ఏ ముక్క అన్నదాన్ని బట్టి ఉంటుంది.

అయితే గుంటల అలంకరణ వేర్వేరు తాబేలు వంశాల్లో విడివిడిగా చాలాసార్లు పుట్టింది. మెత్తటి డిప్ప తాబేళ్లకు కూడా గుంటల వలలాంటి పై ముఖం ఉంటుంది. కానీ వాటి వంశపు శిలాజాలు దాదాపుగా జురాసిక్ తర్వాతి క్రెటేషియస్ కాలం నుంచే దొరుకుతున్నాయి. మీ ముక్కల్లో ఏదైనా అచ్చం అలా ఉంటే, కొత్త జాతి అనే ముందు ఆ ముక్క నిజంగా ఆ పొరలోదేనా, పైనుంచి జారి పడిందా అని చూడండి. అలంకరణ ఒక్కటే సాక్ష్యమైతే ఆ వర్గీకరణను నేను ఒప్పుకోను. దానికి తోడుగా ఎముకల అమరికకు సంబంధించిన లక్షణం కనీసం ఒకటి కావాలి.

అలాంటి లక్షణం మీ దగ్గర ఉందేమో అనిపిస్తున్నది 9వ ముక్క వల్లే. లోపలి వైపు గరుకైన కోలమచ్చ. ఇది జిఫిప్లాస్ట్రాన్ అయితే, ఆ మచ్చ కటి ఎముక అతికిన చోటు కావచ్చు. మెడను పక్కకు మడిచే తాబేళ్లు, అంటే ప్లూరోడైర్లలో, కటి ఎముకలు పైన 8వ కాస్టల్‌కూ కింద జిఫిప్లాస్ట్రాన్‌కూ గట్టిగా అతికిపోయి ఉంటాయి. మెడను నేరుగా వెనక్కి లాక్కునే క్రిప్టోడైర్లలో అలా ఉండదు, కండరాలూ బంధనాలే (లిగమెంట్లే) పట్టి ఉంచుతాయి. జురాసిక్‌లో ప్లూరోడైర్ వంశం వైపు ఉన్నవి, జర్మనీలోని ప్లాటికెలిస్, అర్జెంటీనాలోని నోటోయెమిస్ లాంటివి, చాలా తక్కువ. కాబట్టి మీ మచ్చ నిజంగా అతుకు మచ్చ అయితే అది చిన్న విషయం కాదు.

కానీ బంధనం పట్టిన చోట కూడా గరుకుదనం ఉంటుంది. తేడా మచ్చ లోపల చూడాలి. ఎముకకు ఎముక అతికిన చోట సూదిమొనల్లాంటి గుంటలూ గట్లూ ఒకదానిలో ఒకటి ఇరుక్కునేలా ఉంటాయి, మచ్చకు స్పష్టమైన హద్దు ఉంటుంది. బంధనం మచ్చ గరుగ్గా ఉన్నా లోతుండదు, అంచు చుట్టూ మెల్లగా కలిసిపోతుంది. అది అతుకు మచ్చే అయినా, ఒక్కదాన్నే నమ్మి "ప్లూరోడైర్" అని రాయవద్దు. జురాసిక్‌కు ముందటి ట్రయాసిక్ కాలపు తాబేలు ప్రోటెరోఖెర్సిస్‌కు 1913లో పేరు పెట్టారు. దాని కటి డిప్పకు అతికి ఉంది కాబట్టి చాలా కాలం దాన్ని తొలి ప్లూరోడైర్‌గా లెక్కించారు. ఇప్పుడు ఎక్కువమంది దాన్ని వంశవృక్షంలో నేటి తాబేళ్ల రెండు శాఖలూ విడిపోకముందటి కాండం మీద పెడుతున్నారు. అంటే ఆ అతుకు రెండు చోట్ల విడిగా వచ్చింది.

దీని తర్వాత నేను వెతికేది మీసోప్లాస్ట్రాన్. ఆదిమ తాబేళ్లలో ఉంటుంది, ప్లూరోస్టెర్నిడ్లలో నడిమి గీత దాకా వచ్చి హయోను హైపో నుంచి పూర్తిగా విడదీస్తుంది, షింజియాంగ్‌కెలిస్ బంధువుల్లో అసలు లేదు. అది మీకు దొరకనక్కర్లేదు. హయోప్లాస్ట్రాన్ వెనుక అంచో, హైపోప్లాస్ట్రాన్ ముందు అంచో చెక్కుచెదరకుండా దొరికితే, పక్కన ఎలాంటి ఎముక ఉండాలో ఆ అతుకు వంపును బట్టి చాలాసార్లు చెప్పవచ్చు. వంతెన దగ్గరి పెరిఫెరల్ దొరికినా అంతే. కింది డిప్ప ఎముక అతుకుతో కలిసిందా, బంధనంతో కలిసిందా అన్నది అక్కడ రాసి ఉంటుంది. సన్నటి గుంటలతో పాటు నడిమి దాకా వచ్చే మీసోప్లాస్ట్రాన్ ఆనవాలు కూడా ఉంటే ప్లూరోస్టెర్నిడ్ అనే మాటకు బలం వస్తుంది. కానీ ఆ గుంటలూ కటి అతుకూ ఒకే జంతువువి అయితే బొమ్మ మారిపోతుంది, ఎందుకంటే ప్లూరోస్టెర్నిడ్లలో కటి డిప్పకు అతకదు.

అందుకే ఇంకో ప్రశ్న. ఇవన్నీ ఒక్క తాబేలువే అని మీకెలా తెలుసు? ఒకే పొరలో దొరకడం సరిపోదు, నది చాలా చోట్ల నుంచి తెచ్చి ఒక్కచోట పోస్తుంది. ఎడమ 4వ కాస్టల్ రెండుసార్లు వస్తే కనీసం రెండు తాబేళ్లు. ముక్కల మందం, అంచుల అరుగుదల, రంగు పోల్చి చూడండి. ఒకదానికొకటి అతికే ముక్కలున్నాయేమో ఓపిగ్గా ప్రయత్నించండి. అతికితే అది గట్టి రుజువు. జిగురు మాత్రం తర్వాత తీయగలిగేదే వాడండి, పారలాయిడ్ బి-72 అయితే అసిటోన్‌తో కరిగిపోతుంది. ఎక్కడెక్కడ దొరికాయో పటం గీశారా? గీయకపోతే గుర్తున్నంత వరకు ఈ రోజే గీసేయండి.

"బొమ్మలతో కలవలేదు కాబట్టి కొత్తది" అన్న మీ వాదన దగ్గరికి వస్తాను. అది చాలామందిని ఊరించే వాదనే. అచ్చయిన బొమ్మ ఒక్క తాబేలుది. ఒకే జాతిలో తాబేలుకూ తాబేలుకూ తేడా ఎంతో ఆ బొమ్మ చెప్పదు. చిన్న వయసు తాబేలుకు కాస్టల్స్‌కూ పెరిఫెరల్స్‌కూ మధ్య ఖాళీలుంటాయి, వెర్టిబ్రల్ స్క్యూట్లు వెడల్పుగా ఉంటాయి. ఇవే లక్షణాలు కొన్ని జాతుల్లో పెద్దయ్యాక కూడా ఉంటాయి. బాగా ముసలిదాని అతుకులు పూడిపోతాయి. మగ తాబేళ్లలో చాలాసార్లు కింది డిప్ప లోపలికి వంగి ఉంటుంది. ఒక స్క్యూట్ ఎక్కువో తక్కువో ఉండటం నేటి తాబేళ్లలోనే తరచుగా కనిపిస్తుంది. దీనికి పైన రాతి బరువుకు నలిగి వంకర పోవడం.

ఈ తేడాలను జాతులుగా లెక్కేస్తే ఏమవుతుందో స్విట్జర్లాండ్‌లోని సోలోథర్న్ తాబేళ్లు చూపించాయి. అక్కడి జురాసిక్ చివరి కాలపు రాయిలో డిప్పలు పెద్ద సంఖ్యలో దొరికాయి. రూటిమేయర్ అనే శాస్త్రవేత్త 1873లో వాటికి ప్లీసియోకెలిస్ సోలోడురెన్సిస్, ప్లీసియోకెలిస్ సాంక్టేవెరేనే లాంటి పేర్లు విడివిడిగా పెట్టాడు. 2014లో ఆంకెటాన్ బృందం వాటన్నిటినీ మళ్లీ పక్కపక్కన పెట్టి చూసి, ఈ రెండూ 1857లోనే పేరు పెట్టిన ప్లీసియోకెలిస్ ఎటలోనీలో కలిసిపోతాయని తేల్చింది. అవి ముక్కలు కావు, డిప్పలు. అయినా ఆ పేర్లు సర్దుకోవడానికి 140 ఏళ్లు పట్టింది. చైనాలో టుర్పాన్ లోయ దగ్గర బయటపడిన జురాసిక్ తాబేళ్ల పొర గురించి 2012లో రాశారు. అక్కడ కొన్నిచోట్ల చదరపు మీటరుకు 36 తాబేళ్ల దాకా ఉన్నాయి, మొత్తం 1800 దాకా ఉండొచ్చని అంచనా. అలాంటి చోట్ల ఒకే రకం తాబేళ్ల మధ్య తేడాలు ఎంత దూరం పోతాయో కొలవవచ్చు. మీ దగ్గర ఆ సౌకర్యం లేదు. కాబట్టి మీరు చూసే ప్రతి తేడాకూ "ఇది ఒకే జాతిలో ఉండగల తేడానా?" అని నేటి తాబేళ్ల అస్థిపంజరాలతో సరిచూసుకోవాలి. దగ్గర్లోని ఏదైనా జంతుశాస్త్ర సంగ్రహంలో ఒకే జాతివి పది డిప్పలు వరసగా పెట్టి ఒక రోజు గడపండి. నాకైతే చదివిన పేపర్లకంటే ఆ రోజే ఎక్కువ నేర్పింది.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. పోలికలన్నీ ఒకే విలువైనవి కావు. వెడల్పాటి వెర్టిబ్రల్స్ ఉన్నాయి, మీసోప్లాస్ట్రా ఉన్నాయి అంటే ఆదిమ లక్షణాలు ఇంకా మిగిలున్నాయని మాత్రమే అర్థం. తాతల నుంచి అందరికీ వచ్చిన ముక్కును చూపించి ఇద్దరు అన్నదమ్ములని చెప్పలేం కదా, అలాగే. ఒక గుంపును మిగతావాటి నుంచి వేరు చేసేది ఆ గుంపులో కొత్తగా వచ్చిన లక్షణం. మీ ముక్కల్లో అలాంటివి ఎన్ని ఉన్నాయో విడిగా జాబితా రాసుకోండి, అది చాలా చిన్నదిగా ఉంటుంది. ఊరు, పొర చూసి పేరు పెట్టడం కూడా ఇలాంటి ఉచ్చే. "ఈ పొరల్లో దొరికేది ఈ తాబేలే, కాబట్టి ఇదీ అదే" అని రాస్తే, తర్వాత ఎవరో "ఆ తాబేలు ఈ పొరలోనూ ఉంది" అని మీ పేపర్నే చూపిస్తారు.

మీ గైడ్ గారి మాటలో కూడా నాకు ఒక అభ్యంతరం ఉంది, ఇది మర్యాదగా వారికి చెప్పండి. టెస్టుడైన్స్ అని రాయడం జాగ్రత్తగా కనిపిస్తుంది కానీ జురాసిక్ విషయంలో అది పెద్ద మాటే. 2004లో జాయిస్, పార్హమ్, గోతియే ప్రతిపాదించిన వాడుకలో టెస్టుడైన్స్ అంటే నేటి తాబేళ్ల రెండు శాఖలూ, వాటి ఉమ్మడి పూర్వీకుడి సంతతీ మాత్రమే. పూర్తి డిప్ప ఉన్న అన్నిటికీ కలిపి టెస్టుడినేటా అంటారు, కాండం మీదివి కూడా అందులోకి వస్తాయి. జురాసిక్ సుమారు 20.1 కోట్ల ఏళ్ల నుంచి 14.5 కోట్ల ఏళ్ల కిందటి దాకా. దాని మొదటి, నడిమి భాగాల్లో దొరికే తాబేళ్లలో చాలావాటిని ఇప్పుడు కాండం మీదే పెడుతున్నారు. అరిజోనాలో దొరికిన కయెంటాకెలిస్‌ను 1987లో అత్యంత పాత క్రిప్టోడైర్‌గా ప్రకటించారు. తర్వాతి విశ్లేషణల్లో చాలావరకు అది కాండం మీదికి వెళ్లింది. దానికి పుర్రె కూడా ఉంది. పుర్రె ఉన్నదాని చోటే ఇంత కదిలితే, డిప్ప ముక్కలతో టెస్టుడైన్స్ అనడానికి కూడా కారణం చూపించాలి. చూపించలేకపోతే "టెస్టుడినేటా ఇన్‌డెట్." అని, అంటే అంతకు లోపల తేలలేదని, రాయండి.

ఒక ముక్కను కోసి సూక్ష్మదర్శిని కింద చూడాలా అని మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు సలహా ఇస్తారు. పలుచటి కోతలో ఎముక నిర్మాణం కొన్ని గుంపుల్ని గుర్తించడానికి సాయపడుతుంది, నేల తాబేలా నీటి తాబేలా అన్నదానికి సూచన ఇస్తుంది. షేయర్, జాండర్ 2007లో ట్రయాసిక్ తాబేళ్లైన ప్రోగానోకెలిస్, ప్రోటెరోఖెర్సిస్ నేల మీద బతికాయని చెప్పింది ఇలా చూసే. జాతి మాత్రం దీనితో తేలదు. కోయాల్సి వస్తే గాడీ అతుకూ లేని ముక్కనే కోయండి, ముందే అచ్చు పోసి, ఫోటోలు తీసి పెట్టుకోండి. 9వ ముక్క జోలికి వెళ్లకండి. దాన్ని స్కాన్ చేయించగలిగితే చాలు.

ఇప్పుడు పేర్ల విషయం. మన రంగంలో అనుమానాన్ని కూడా పేరులోనే రాసే పద్ధతి ఉంది. "ఇన్‌డెట్." అంటే ఈ గుంపు వరకు తేలింది, అంతకు లోపల తేలలేదని. "సీఎఫ్." అంటే పోలిక ఉంది, నిర్ధారణ లేదని. "ఆఫ్." అంటే దానికి దగ్గరిది, కానీ అదే కాకపోవచ్చని. "ప్లూరోస్టెర్నిడే ఇన్‌డెట్." అని కారణాలతో రాసిన రెండు పేజీలు, కారణాల్లేని కొత్త పేరుకంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. ఒక ముక్క మీద పేరు పెట్టేస్తే ఆ పేరు జంతువుల పేర్ల నియమావళి ప్రకారం ఉండిపోతుంది. తర్వాత పూర్తి డిప్ప దొరికినవాళ్లు అది మీ జాతో కాదో మీ ముక్కతోనే పోల్చాలి. ఆ ముక్కలో ప్రత్యేకత లేకపోతే పోల్చలేరు, పేరు "నోమెన్ డుబియం"గా, అంటే సందేహాస్పదమైన పేరుగా, మిగులుతుంది.

ముక్కల మీద కొత్త పేరు ఎప్పుడూ కూడదని నేననడం లేదు. మాస్కో ప్రాంతంలోని పెస్కిలో దొరికిన హెకెరోకెలిస్‌ను 2006లో సుఖానోవ్ వర్ణించింది ఎక్కువగా విడివిడి ఎముకల నుంచే. అయితే అవి చాలా దొరికాయి, డిప్పలోని చాలా చోట్లవి దొరికాయి. మన ప్రాణహిత-గోదావరి లోయలోని కోట పొరల నుంచి 2000లో ఇండోకెలిస్ స్పాటులాటా వచ్చింది, భారతదేశంలో మొదటి జురాసిక్ తాబేలు. దాని చోటు గురించి మరింత స్పష్టంగా మాట్లాడటానికి అవే పొరల్లో కొత్త నమూనాలు దొరికి, 2020లో దాన్ని మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది. మీరు కొత్త పేరు పెట్టాలంటే హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకు ఆధారమైన నమూనాగా, ఒక్క ముక్కను ఎంచుకోవాలి, అది ఏ సంగ్రహంలో ఉందో రాయాలి, మిగతా అన్ని జాతుల నుంచి వేరు చేసే లక్షణం ఆ ముక్క మీదే చూపించాలి. వేరే ముక్క మీది లక్షణాన్ని అరువు తెచ్చుకోకూడదు. మీ 23లో ఏ ఒక్కటైనా ఈ పరీక్షకు నిలబడి నెగ్గుతుందా? మీరు రాసినదాన్ని బట్టి నాకు 9వ ముక్క తప్ప ఇంకేదీ కనిపించలేదు, అది కూడా ఒక్క లక్షణంతో.

మళ్లీ ఆ పొరకు వెళ్లే వీలుంటే వెళ్లండి. ఒక వాన తర్వాత వెళ్తే మంచిది, కొత్త ముక్కలు బయటపడతాయి. జల్లెడ పట్టండి. న్యూకల్, ఎంటోప్లాస్ట్రాన్, జిఫిప్లాస్ట్రాన్, 8వ కాస్టల్, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి దొరికినా ఇంకో యాభై సాదా ముక్కలకంటే ఎక్కువ చెబుతుంది.

ఈలోగా నాకు రెండు ఫోటోలు పెట్టండి. 9వ ముక్క లోపలి ముఖం, ఎడమ పైనుంచి కిందుగా లైట్ పడేలా, పక్కన స్కేలుతో. తర్వాత అదే ముక్క ముందు అంచు, నేరుగా ఎదురుగా. మచ్చ హద్దు తెగినట్టు ఉండి, లోపల గుంటలూ గట్లూ ఇరుక్కునేలా ఉంటే, ఆ ముక్కను మిగతా 22 నుంచి విడదీసి "కటి అతుకు ఉన్న టెస్టుడినేటా" అని వేరుగా వర్ణించండి, మిగతావి అదే జంతువువని రుజువు దొరికే దాకా కలపకండి. మచ్చ అంచు మెల్లగా కలిసిపోతూ ఉంటే అది బంధనం మచ్చే. అప్పుడు ఆ ముందు అంచు అతుకు, మిగతా ముక్కల్లో హయో, హైపోల అంచులు చూసి, మీసోప్లాస్ట్రాన్ ఆనవాలు ఉందో లేదో ఇద్దరం కలిసి వెతుకుదాం.